లోపల నెల, బయట ఏడాది

మా అమ్మ నన్ను చూసి లేచి నిలబడి నమస్కారం పెట్టింది.

"కూర్చోండమ్మా. మా అమ్మాయొచ్చే వేళయింది, దానికోసం చూత్తన్నాను," అంది.

నేను కదలకుండా నిలబడ్డాను. ఆమె ఇంకోసారి నా మొహంలోకి చూసింది. "అయ్యబాబోయ్, నువ్వా! కస్తూరీ! నా కళ్లు మండా!" అని నెత్తి మీద కొట్టుకుంది. పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాను? ఆమెకి ఇరవై తొమ్మిదేళ్లు, నాకు ముప్పై మూడు. చెవుల పక్కన జుట్టు నెరిసింది, కళ్లజోడు పడింది, ఒళ్లు కూడా వచ్చింది. ఎవరైనా చూస్తే నన్నే అక్క అనుకుంటారు. అక్క కూడా కాదు, ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చిన మనిషి అనుకుంటారు. అమ్మ కూడా అదే అనుకుంది.

ఆ రోజు ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. దాచుకోవడానికేముంది?

మా ఊరి సంగతి చెప్పకపోతే ఇదేం గొడవో మీకు అర్థం కాదు. మొగలితిప్ప నగర పంచాయతీ అని బోర్డు మీద ఉంటుంది గానీ, అది ఒక ఊరు కాదు. గోదావరి సముద్రంలో కలిసేచోట ఇసక మేటవేసిన రెండు తిప్పలు. పడమటితిప్ప మీద నాలుగు వార్డులు, ఆఫీసు, బడి, ఆస్పత్రి. తూర్పుతిప్ప మీద మూడు వార్డులు, చేపలు ఎండబెట్టే దిబ్బలు, సముద్రపు ఒడ్డున గంగమ్మ రాయి. రెంటికీ మధ్య ఒక పాయ, దాటడానికి పడవ. పడమటితిప్పకి అవతల ఇంకో పెద్ద పాయ ఉంది. అది దాటితే అసలు నేల. దాన్ని మావాళ్లు పెద్దగట్టు అంటారు. జిల్లా ఆఫీసూ, రైలూ, సినిమా హాలూ, సమస్త ప్రపంచమూ పెద్దగట్టు మీదే.

తూర్పుతిప్పని సముద్రం ప్రతి ఏడూ కోసుకుపోయేది. నా చిన్నప్పుడు ఏడో వార్డుకి ఎన్నికైన మెంబరుగారి ఇల్లు, ఆయన పదవీకాలం ముగిసేలోపు నీళ్లలో కలిసిపోయింది. వార్డు లేకుండానే ఆయన మీటింగులకి వచ్చి కూర్చునేవారట.

అప్పుడొచ్చారు డాక్టర్ వేదాచలం. వైద్యుడు కాదు, భౌతికశాస్త్రం డాక్టరు. పంచాయతీ హాల్లో బల్ల మీద నాలుగు పొట్టి స్తంభాలు నిలబెట్టి, వాటి మధ్య ఒక అగరొత్తి, బయట ఒక అగరొత్తి వెలిగించారట. బయటిది కాలి బూడిదై రాలిపోయింది. లోపలిది గోరంత కూడా తరగలేదు. దాని పొగ మెలిక గాలిలో అలా నిలబడి మెల్లగా, మహా బద్ధకంగా కదులుతోందట. "ఇందులో నా మీసం పెడితే నెరవదా అండి?" అని చైర్మన్ గారు అడిగారని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

కాలానికి కట్ట వేశారాయన, మనం నీటికి వేసినట్టు. తూర్పుతిప్ప చుట్టూ పెద్ద స్తంభాలు పాతితే లోపల నెల గడిచేసరికి బయట ఏడాది గడుస్తుంది. సముద్రం ఏడాదంతా కోసినా లోపలి నేల నెల కోతే కోసుకుంటుంది. "మూడు నెలలు చాలు. ఈలోగా బయట మూడేళ్లలో సర్కారు రాతిగోడ కట్టేస్తుంది. కట్టాక తీసేద్దాం," అన్నారు. సర్కారు మూడేళ్లలో గోడ కడుతుందని నమ్మారు చూడండి, అదొక్కటే ఆయన చేసిన తప్పు. మిగతా లెక్కంతా సరిగ్గానే ఉంది.

తూర్పుతిప్ప జనంలో చాలామంది ఇళ్లు ఖాళీ చేసి పడమటితిప్పకి వచ్చేశారు. ఓ నలభై ఇళ్ల ముసలివాళ్లు మాత్రం రామన్నారు. స్తంభాల మీద మరలు ఉంటాయి, రోజుకి నాలుగైదుసార్లు ఎక్కి సరిచేయాలి. ఎక్కగలిగిన ఒళ్లు ఆ వయసువాళ్లలో ఎవరికుంది? పడుచు వయసులో ఉన్న మా అమ్మ ఆదెమ్మకి ఉంది. మా నాన్న వేటకెళ్లి తిరిగిరాలేదు, నాకప్పుడు మూడేళ్లు. అప్పట్నుంచీ వలలు అల్లి నన్ను పెంచింది. అల్లే చేతులు నిలకడగా ఉంటాయని వేదాచలం గారు ఆమెకి పని నేర్పించారు. జీతం, జీతంతో పాటు కూతురికి చదువు. నన్ను కూడా లోపలే ఉంచుకుంటానంది. సరేనన్నారు.

మర్నాడు స్తంభాల మీట నొక్కుతారనగా, నేను పొద్దున్నే పలకా పుస్తకాలూ పట్టుకుని పడవెక్కి బడికి వెళ్లాను. మధ్యాహ్నానికి తుఫాను మా వైపు మళ్లిందని, తూర్పుతిప్ప ఈ దెబ్బకి నిలవదని కబురొచ్చింది. ఆయన ఆగలేదు, ఆ సాయంత్రమే నొక్కేశారు. నేను రేవులో నిలబడి ఉన్నాను. పాయ అవతల మా తిప్ప ఎర్రటి మసకలోకి వెళ్లిపోయింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

తుఫానులో తూర్పుతిప్ప నిలిచింది, అది నిజం. లోపలివాళ్లంతా బతికారు. దానికి ఆయనకి రోజూ దండం పెట్టొచ్చు.

బియ్యం మూటల్లాంటివి కట్టలోంచి ఊరికే దాటిపోతాయి గానీ, మనిషి దాటాలంటే మధ్యలో ఒక గది కావాలి, అక్కడ రెండు కాలాలూ నెమ్మదిగా కలవాలి. తూర్పుతిప్ప నుంచి పాయలోకి చిన్న వంతెన వేసి, దాని చివర ఆ గది కట్టడానికి ఏడాది పట్టింది. దాన్ని తెరవడానికి బోలెడు కరెంటు కావాలి గనక ఏడాదికొక్కసారి, చలికాలంలో ఊళ్లో ఫ్యాన్లు ఆగినప్పుడు, ఒక గంట తెరుస్తారు. మొదటిసారి తెరిచినప్పుడు నేను లోపలికి వచ్చేస్తానని ఏడ్చాను. "ఇంకో రెండు నెలల్లో తీసేత్తారంట కదే. లోపలికొత్తే నీ చదువు రెండేళ్లు పోద్ది. పిన్ని దగ్గరుండి చదువుకో, నా తల్లి కదూ," అంది అమ్మ. ఆమెకి రెండు నెలలు. నాకు రెండేళ్లని ఆమెకి నోటికి వచ్చు గానీ ఒంటికి తెలీదు.

గోడ కట్టలేదు. బయట సముద్రం చుట్టూ ఉన్న మేటలన్నీ తినేసింది, నీటిమట్టం పెరిగింది. ఇప్పుడు కట్ట తీస్తే తూర్పుతిప్ప ఒక్క పూటలో మునిగిపోతుంది. అందుకని తీయలేదు. వేదాచలం గారు ముసలివారై, ఎవరికీ మొహం చూపించలేక, పెద్దగట్టు మీద ఎక్కడో చనిపోయారు. మా పిన్ని కూడా పోయింది. నాకు ఇక గదిలో గంట తప్ప నా అనేవాళ్లు లేరు.

అమ్మ ప్రతిసారీ నాకొక గౌను కుట్టి తెచ్చేది. అది ప్రతిసారీ పొట్టే అయ్యేది. ఆమె నెల కిందట చూసిన పిల్లకి కుడుతుంది, నేనేమో ఏడాది పెరిగి వస్తాను. "ఇదేం చోద్యమే, జొన్నచేనులా ఎదుగుతున్నావు!" అని బుగ్గలు నొక్కుకునేది. తర్వాత్తర్వాత తెలివి తెచ్చుకుని పెద్దది కుట్టింది, అప్పటికి నేను ఎదగడం మానేశాను. నాకు ఇరవై ఏడేళ్లప్పుడు ఇద్దరం ఒకే కొలత. ఆ ఒక్క జాకెట్టూ సరిగ్గా సరిపోయింది. ఇద్దరం ఎంత సంబరపడ్డామో చెప్పలేను.

నేను చదువుకుని, పరీక్షలు రాసి, పట్టుబట్టి సొంతూరికే కమిషనరుగా వచ్చాను. జిల్లా ఆఫీసుకి రమ్మని మూడుసార్లు బదిలీ వేస్తే మూడుసార్లూ కాళ్లావేళ్లా పడి ఆపించుకున్నాను. ఆ గంట కోసమే. తూర్పు వార్డుల పరిపాలన ఎలాంటి తలనొప్పో పగవాడికి కూడా చెప్పలేను. ముసలయ్య తాతకి పుట్టిన తేదీ ప్రకారం ఎనభై దాటాయి, మనిషికి అరవై. పింఛను ఇవ్వాలా వద్దా? వేలి మీద సిరా చెరిగేలోపే వాళ్లకి మళ్లీ ఎన్నికలొస్తాయి. నెలనెలా నేను పంపే బియ్యం, వాళ్లకి రెండు మూడు రోజులకోసారి వచ్చి పడుతుంది. "మా ఊరి రేషనంత గొప్ప రేషను దేశంలో లేదు," అని లోపలివాళ్లు మురిసిపోతారట. ఆ బియ్యానికీ కరెంటుకీ ప్రతి ఏడూ జిల్లా ఆఫీసులో ఎవరో కొత్త అధికారి "ఇంకా అక్కడ మనుషులున్నారా?" అని అడుగుతాడు. ఉన్నారండీ, మా అమ్మ ఉంది అని నేను చెప్తాను.

ఆమె నన్ను గుర్తుపట్టని ఆ రోజున, నవ్వయ్యాక, నా చూపు ఆమె చేతుల మీద పడింది. గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. మెడ దగ్గర ఎముకలు లేచి ఉన్నాయి.

"ఏంటమ్మా ఇలా అయిపోయావు? తింటున్నావా?"

"తినక? పైకెక్కీ దిగీ ఒళ్లు గట్టిపడింది. నీలాగ కుర్చీలో కూర్చుంటానా ఏంటి?" అని నా నడుము గిల్లింది.

నమ్మాలనుకున్నాను. తలుపు మూసుకున్నాక నమ్మలేకపోయాను.

పడమటితిప్ప రేవు పక్కన ప్రయోగశాల ఉంది. ఇప్పుడు దాన్ని చూసేది ఫిరోజ్ అనే ఇంజనీరు. నాకంటే చిన్నవాడు, నెమ్మదస్తుడు. అక్కడొక పెద్ద అద్దం ఉంది. మామూలు కంటికి తూర్పుతిప్ప ఎర్రటి మసక. ఆ అద్దంలోంచి చూస్తే లోపలివి స్పష్టంగా కనిపిస్తాయి, కాకపోతే అన్నీ మహా నిదానం. ఫోటో తీస్తే మరక తప్ప ఏమీ పడదు. కళ్లతో చూడాల్సిందే.

"మా ఇంటివైపు తిప్పండి ఫిరోజ్ గారూ. అమ్మ ఏం తింటోందో చూడాలి," అన్నాను.

"మేడం, అక్కడ ఒక రోజంటే మనకి పన్నెండు రోజులు."

"తెలుసు. నాలుగు నెలలు తిరిగితే ఇప్పటికి సెలవు దొరికింది."

ఇద్దరం వంతులవారీగా చూశాం. లోపల పైన ఒక తెర ఉంటుంది, అది మనుషుల నిద్రకి తగ్గట్టు పగలూ రాత్రీ చేస్తుంది. సూర్యుడూ చంద్రుడూ వాళ్లకి కనపడరు. తెర తెల్లబడింది. అమ్మ లేచింది. లేచి పక్క చుట్టడమే నాకు అరగంట పట్టింది. ముగ్గేసింది. స్తంభం ఎక్కి దిగింది. మూడో రోజుకి రెండోసారి ఎక్కి దిగింది. నాలుగో రోజు పౌర్ణమి. సముద్రం ఉబికి వచ్చి ఒడ్డున గంగమ్మ రాయి మీదకి ఎక్కింది. అమ్మ ఒడ్డుకి వెళ్లి, రాయి తడిసిన చోట వేళ్లు పెట్టి, కళ్లకి అద్దుకుంది. ఇంటికొచ్చి పొయ్యి మీద బోర్లించిన కుండని అలాగే వదిలేసి, గుమ్మంలో వల ముందేసుకుని కూర్చుంది. మిగిలిన రోజులన్నీ చూశాను. చుట్టుపక్కల ఇళ్లలో పొగలు లేచాయి. మా ఇంట్లో లేవలేదు. ఒక బోండాం నీళ్లు తాగి పడుకుంది.

నాకు అప్పుడు అర్థమైంది.

మా తిప్పల్లో ఒక ఆనవాయితీ ఉంది. ఇంట్లోంచి ఎవరైనా పడవెక్కి నీళ్ల మీద ఉండగా పోటు వచ్చి గంగమ్మ రాయిని తడిపితే, ఆ రోజు ఆ ఇంటి ఆడమనిషి పొయ్యి వెలిగించదు, మెతుకు ముట్టదు. సముద్రం ఆకలి మీద ఉంది, మనమూ ఆకలితో ఉంటే అది మనవాళ్లని వదిలేస్తుందని. ఆ రోజుల్లో రాయి ఎత్తు మీద ఉండేది. ఏడాదికి రెండు మూడుసార్లు, పెద్ద పోట్లప్పుడు తడిసేది. ఎవరికీ బరువు కాలేదు. ఇప్పుడు నీటిమట్టం పెరిగి ప్రతి పౌర్ణమికీ, ప్రతి అమావాస్యకీ తడుస్తోంది. పౌర్ణమికీ అమావాస్యకీ మధ్య పదిహేను రోజులు మనకి. అమ్మకి ఒక రోజూ చిల్లర. అంటే ఐదు రోజుల్లో నాలుగు రోజులు ఆమె పస్తు.

ఎవరి కోసం? పడవెక్కి వెళ్లి ఇంటికి రానిది నేనొక్కదాన్నే.

"గది ఇప్పుడే తెరవండి," అన్నాను ఫిరోజ్‌తో.

"వేసవి మేడం. ఇప్పుడు తెరిస్తే స్తంభాలకి కరెంటు చాలదు. నలభై ఇళ్లూ పోతాయి." అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "చలికాలం దాకా అంటే ఆవిడకి ఇంకో మూడు వారాలే కదా."

మూడు వారాల్లో నాలుగైదు పూటల అన్నం. చలికాలం ఎలా వచ్చిందో నాకే తెలుసు.

గదిలోకి అమ్మ గోడ పట్టుకుని వచ్చింది. కూర్చోగానే అడిగేశాను. "పొయ్యి ఎందుకు వెలిగించట్లేదు?"

"ఎవరే చెప్పింది?"

"నేనే చూశాను, అద్దంలో."

"ఆహా! ఎవరింట్లో ఏం ఉడుకుతుందో చూడ్డానికా సర్కారోళ్లు అద్దం పెట్టింది? సిగ్గు లేదూ?"

"అమ్మా, నేను బాగున్నాను. పడమటితిప్ప మీద క్వార్టర్సులో ఫ్యాను కింద పడుకుంటున్నాను. నీళ్ల మీద లేను."

"నువ్వు పొద్దున్నే పడవెక్కి బడికెళ్లావు. మళ్లీ మన గట్టు మీద అడుగెట్టావా? ఎట్టలేదు. పడవెక్కినోళ్లు ఇంటి గట్టు దిగేదాకా నీళ్ల మీదున్నట్టే. తిప్పలో పుట్టి ఆ మాత్రం తెలీదా?"

"రాయి రోజూ తడవదు. అది బయట పదిహేను రోజులకోసారి తడుస్తోంది. నీ గడియారం ప్రకారం చూసుకో, మామూలుగా అయితే నీకు నెలలో ఎన్నిసార్లు..."

"గడియారం డాక్టరుగారు పెట్టారు. పోటు ఎవరు పెట్టారే? చదువుకున్నావుగా, చెప్పు."

నేను కోపం ఆపుకోలేకపోయాను. "ఆ రాయిని పెకలించి మెరక మీద పడేయిస్తాను! నేను కమిషనర్ని!"

"పడెయ్యి. గంగమ్మ కాళ్లు తడవకుండా చెయ్యి. చూద్దాం, ఏ ముసిల్ది ఊరుకుంటదో." ఆమె కూడా గొంతు పెంచింది. అంతలోనే ఆయాసపడి, నా చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

"మీ నాన్నెళ్లిన రోజు రాయి తడిసింది," అంది. "నువ్వు ఆకలి ఆకలని ఒకటే ఏడుపు. గుప్పెడు నూకలే కదా అని పొయ్యెలిగించాను. గంజి దించలేదింకా, పడవ తిరగబడిందని రేవులో కేకలు."

"అమ్మా, ఆ రోజు గాలివాన. ఎన్నో పడవలు పోయాయి. నీ గంజి వల్ల కాదు."

"తెలుసే. నాకు తెలీదా? అందరూ చెప్పారు, డాక్టరుగారూ చెప్పారు. తెలుసు గానీ, నువ్వు నీళ్ల మీదుండగా నా చెయ్యి అగ్గిపెట్టె మీదకి పోదు. ఏం చెయ్యమంటావు?"

బయటికి వచ్చెయ్యమని బతిమాలాను. ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "నేనొచ్చేత్తే మరలెవరు తిప్పుతారు? ముసలయ్య మావా ఎక్కుతాడా?" అంది. పోనీ నేనే లోపలికి వచ్చేస్తానన్నాను. "నువ్వొచ్చేత్తే బియ్యం ఎవరంపుతారు? కరెంటు కోసం ఎవరు కొట్లాడతారు?" అంది. రెండూ నిజమే. నేను లోపల ఒక వారం ఉండేసరికి బయట ఎవరో పెద్దమనిషి "అక్కడ ఎవరున్నారు?" అని అన్నీ ఆపెయ్యమని సంతకం పెట్టేస్తాడు.

"పోనీలే," అంది అమ్మ నన్ను ఊరుకోబెడుతూ. "మన వీధిలో ఎంకాయమ్మ కూడా ఇలాగే ఉండేది. కూతుర్ని పెద్దగట్టు మీద ఇచ్చారు. అది అక్కడ సొంత పొయ్యి రాజేసుకుందని కబురొచ్చాక ఎంకాయమ్మకి రాయితో పని తీరిపోయింది. పెద్దగట్టెక్కి పొయ్యెలిగించుకుంటే ఇంక సముద్రానికి వాళ్ల మీద హక్కు లేదు."

"మళ్లీ కూతురు చూడ్డానికి వస్తే?"

"వత్తే మళ్లీ పడవెక్కినట్టే కదా, మళ్లీ మొదలు. అందుకే దాన్ని రావద్దని కబురెట్టేది ఎంకాయమ్మ. రేవులో నిలబడి ఏడ్చేది, రావద్దని కబురెట్టేది."

ఆమె ఊరి కబురు చెప్పినట్టు చెప్పింది. నా కోసం చెప్పలేదు. గంట అయిపోయింది.

నేను పడమటితిప్పకి తిరిగొచ్చి, జిల్లా ఆఫీసుకి ఫోన్ చేసి, నన్ను బదిలీ చేస్తామన్న పోస్టు ఇంకా ఖాళీగా ఉందా అని అడిగాను. తీరప్రాంత పట్టణాల విభాగం. బియ్యం, కరెంటు ఫైళ్లు చివరికి వచ్చి పడే బల్ల అదే. అక్కడ కూర్చుంటే అమ్మ వాళ్లకి నేను ఇక్కడ కంటే ఎక్కువ ఉపయోగం. ఇన్నేళ్లుగా ఆ సంగతి తెలుసు, తెలిసీ గంట కోసం వెళ్లలేదు. "ఏమ్మా, ఇన్నాళ్లకి ద్వీపం బోరు కొట్టిందా?" అని నవ్వాడు అవతలి మనిషి. అవునండీ అన్నాను.

పెద్దగట్టు మీద రెండు గదుల వాటా తీసుకున్నాను. గ్యాసు పొయ్యి ఉంది. అయినా సంతలో మట్టిపొయ్యి కొని పెరట్లో పెట్టుకున్నాను, అమ్మ అడుగుతుందని. మొదటిరోజు పొగకి దగ్గీ దగ్గీ కళ్లు వాచిపోయాయి. ఇంటావిడ గోడ మీంచి చూసి, "ఒక్కదానికి ఇంత హడావుడేంటమ్మా?" అంది.

రాసి పంపితే అమ్మ నమ్మదు, ఎదురుగా ఒట్టు వెయ్యాలి. మళ్లీ చలికాలం వచ్చింది. ఆఖరిసారి పడవెక్కాను.

అమ్మ నడవలేక గది గుమ్మం దగ్గరే చతికిలబడి ఉంది. నేను పక్కన కూర్చుని, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా చెప్పేశాను. "పెద్దగట్టు మీద ఇల్లు తీసుకున్నానమ్మా. ఉద్యోగం కూడా అక్కడే. సొంత పొయ్యి రాజేసుకున్నాను."

ఆమె నిటారుగా కూర్చుంది. "ఒట్టు?"

"గంగమ్మ మీద ఒట్టు."

"మట్టిపొయ్యేనా?"

"మట్టిపొయ్యే."

"ఏం వండావు?"

"అన్నం, మామిడికాయ వేసి ఎండు రొయ్యలు."

"ఉప్పు సరిపోయిందా?"

"ఎక్కువైంది."

"అవుద్ది. ఎండు రొయ్యల్లో ఉంటదిగా ఉప్పు, చూసుకు వెయ్యాలి," అంది. ఒక్క క్షణం ఆగి, "మళ్లీ పడవెక్కకూడదు. తెలుసుగా?" అంది.

"తెలుసు."

"నన్ను చూడ్డానికైనా సరే."

"తెలుసమ్మా."

"ఎక్కవుగా?"

"ఎక్కను."

"హమ్మయ్య!" అంది మా అమ్మ.

గుండెల నిండా ఊపిరి తీసుకుని, చేత్తో రొమ్ము తట్టుకుని అంది ఆ మాట. ఇరవై ఆరేళ్లుగా బడి నుంచి రాని పిల్ల గట్టెక్కింది. ఆ తర్వాత ఆమె మొహం మారింది. ఒప్పుకున్నదేమిటో అప్పుడు తెలిసొచ్చింది ఆమెకి. నన్ను దగ్గరికి లాక్కుని, నెరిసిన నా తల తన భుజానికి అదుముకుంది. ఇద్దరం ఏడ్చాం. ఎంతసేపో తెలీదు. ఫిరోజ్ తలుపు మీద మెల్లగా తట్టాడు.

"నువ్వింక ఎల్లు," అంది ముక్కు చీదుకుని. "తిన్నగా ఎల్లి పడవెక్కు. నేను ఇంటికి నడిచేసరికి నువ్వు పెద్దగట్టు దిగిపోతావు కదూ?"

"దిగిపోతాను. నువ్వు గుమ్మం తొక్కకముందే దిగిపోతాను."

"అయితే ఇయ్యాలే వండుకుంటాను." నా గడ్డం పట్టుకుంది. "ఆకలేత్తందే కస్తూరీ."

నా జన్మలో ఆమె నోట ఆ మాట వినలేదు.

నేను ఆగలేదు, అద్దం దగ్గరికి కూడా వెళ్లలేదు. తిన్నగా పడవకి, పడవలో పడమటితిప్పకి, అక్కణ్నుంచి పెద్దగట్టుకి. దిగి, ఇసక మీద నిలబడి, ఫిరోజ్‌కి ఫోన్ చేసి చెప్పాను. అమ్మ ఇంకా దార్లోనే ఉందన్నాడు. ఇంటికొచ్చాను. సాయంత్రం అతనే చేశాడు.

"పొగ మేడం. మీ ఇంటి కప్పు మీంచి."

ఫోన్ పెట్టకుండా కూర్చున్నాను. అర్ధరాత్రి దాటాక కుండ దించిందన్నాడు. ఒక్కతే కూర్చుని తింటోందన్నాడు. నేనూ కంచంలో వడ్డించుకున్నాను. ఎంత నిదానంగా తిన్నా, ఆమె రెండో ముద్ద ఎత్తకముందే నా కంచం ఖాళీ అయిపోయింది.

ఇది జరిగి చాలాకాలమైంది. నేను రిటైరయ్యాను. బియ్యం ఆగకుండా, కరెంటు పోకుండా ఏం చేయాలో నా తర్వాత వచ్చిన అమ్మాయికి కూర్చోబెట్టి నేర్పించాను. అమ్మకి ముప్పై దాటాయి. బుగ్గలు వచ్చాయని, స్తంభం మీద పాటలు పాడుతోందని ఫిరోజ్ చెప్తాడు. అతనూ ముసలివాడయ్యాడు. డాక్టర్లు నా ఎక్స్‌రే చూసి పెదవి విరిచారు. ఆ రోజు ఫిరోజ్‌ని పిలిపించి ఒక మాట తీసుకున్నాను. నా కబురు ఎప్పుడొచ్చినా లోపలికి చేరకూడదు. పెద్దగట్టెక్కిన పిల్లని గురించి తిప్పలో ఎవరూ అడగరు. అడిగితే, "బాగుంది, వండుకుంటోంది" అని చెప్పమన్నాను. అతను తల ఊపాడు.

"ఇవాళ ఏం వండిందండీ?" అని అడిగాను.

"ఇంకా పొయ్యి దగ్గరే ఉన్నారు మేడం," అన్నాడు.